ఆ 108 నాణేలు

వెస్ట్ మాంబళం, చెన్నై

నాన్నా,

నీ బ్యాంకాక్, కంబోడియా యాత్ర రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ చేతిలో పెట్టుకుని. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. పదమూడు పేజీల్లో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నువ్వేమో అక్కడ ఆగకుండా వెళ్లిపోయావు. ముందు దాని సంగతే మాట్లాడతాను.

వాట్ ఫో గుడిలో పడుకున్న బుద్ధుడి గురించి పేజీన్నర రాశావు. 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు, అరికాళ్ల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత "గోడ పొడుగునా ఉన్న కంచు పాత్రల్లో అమ్మ నాణేలు వేసింది" అని ఒక్క ముక్క రాసి, పడవెక్కి వాట్ అరుణ్‌కి వెళ్లిపోయావు. మొన్న ఫోన్‌లో గుచ్చి గుచ్చి అడిగితే కదా అసలు విషయం బయటపడింది! 20 బాట్లు ఇస్తే చిన్న గిన్నెడు చిల్లర నాణేలు ఇచ్చారని, పాత్రలు 108 అని వినగానే మీ అమ్మగారు చెప్పుల సంచి నీ చేతికిచ్చి, ఒక్కో పాత్రలో ఒక్కో నాణెం వేస్తూ అష్టోత్తరం అందుకున్నారని. "వేంకటేశాయ నమః" టింగ్. "శ్రీనివాసాయ నమః" టింగ్. వెనక జనం ఆగిపోతుంటే నీకు టెన్షన్. ఆవిడకి అదేం పట్టలేదు. ఒక థాయ్ ముసలావిడ మాత్రం తోసుకుని ముందుకు పోకుండా, మీ అమ్మగారి లయకి తగ్గట్టు తన నాణేలు కూడా నెమ్మదిగా వేసుకుంటూ వచ్చిందని చెప్పావు.

ఇంత ఉంచుకుని రాయలేదేమిటి నాన్నా? "అది మా ఇంటి విషయం కదా, పాఠకులకెందుకు" అన్నావు. బుద్ధుడి కొలతలు పాఠకుడికి పది చోట్ల దొరుకుతాయి. మీ అమ్మగారి అష్టోత్తరం నువ్వు రాస్తేనే దొరుకుతుంది. పైగా ఆ ఒక్క దృశ్యంలో తర్వాత వెళ్లేవాళ్లకి కావలసినవన్నీ ఉన్నాయి. చెప్పులు విప్పి సంచిలో వేసుకుని వెంట పట్టుకెళ్లాలని, చేతిలో 20 బాట్ల నోటు ఉంచుకోవాలని, లోపల హడావిడి పడకుండా తీరిగ్గా అరగంట పెట్టుకోవాలని. వీటిని నువ్వు పన్నెండో పేజీలో "ప్రయాణికులకు సూచనలు" అని అంకెలు వేసి, మందుల చీటీలా రాశావు. నేను నీకు చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే. చూసింది ఒక చోట, పనికొచ్చేది ఇంకో చోట పెట్టకు. నీకు అవసరం పడ్డ చోటే, అవసరం పడ్డ క్షణంలోనే ఆ సూచనని కథలో రానివ్వు. చదివినవాడికి అప్పుడే గుర్తుంటుంది.

ఇంకొకటి దాచావు. "మోసగాళ్లుంటారు, జాగ్రత్త" అని ఏడో సూచన. ఎవరు, ఎక్కడ, ఎలా? గ్రాండ్ ప్యాలెస్ బయట ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి మిమ్మల్ని ఆపి, "ఇవాళ పండుగ, మధ్యాహ్నం దాకా తెరవరు" అన్నాడని, మీ అమ్మగారికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడని, 20 బాట్లకే మూడు గుళ్లు చూపిస్తాడని ఒక టుక్‌టుక్ ఎక్కించాడని, ఆ బండి చివరికి నగల దుకాణం ముందు ఆగిందని, మీ చెల్లెలి పెళ్లికని మీ అమ్మగారు నీలం ఉంగరం కొనబోయారని ఫోన్‌లో చెప్పావు. సిగ్గనిపించి రాయలేదన్నావు. అదే రాయాలి. బ్యాంకాక్‌లో ఏళ్ల తరబడి జరుగుతున్న మోసం ఇది. ఆ పెద్దమనిషి ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా మాట్లాడాడో నువ్వు రాస్తే, రేపు పెరంబూరు నుంచి వెళ్లే ఇంకో కుటుంబం ఆ మర్యాద చూడగానే గుర్తుపడుతుంది. ప్యాలెస్ మామూలుగా రోజూ పొద్దున్నే తెరుస్తారు. టికెట్ కౌంటర్ దాకా నడిచి వెళ్లి, అక్కడి ఉద్యోగి చెబితేనే మూశారని నమ్మాలి. నీకు కలిగిన సిగ్గుని కూడా రాయి. దానివల్లే చదివేవాళ్లు నిన్ను నమ్ముతారు.

మన చెన్నైలో కూర్చుని యాత్ర రాసేవాడికి ఒక పెద్ద దిక్కు ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య గారు. అప్పట్లో ఇక్కడున్న మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే అనువాదకుడిగా పనిచేశారు. 1830 మే 18న మన తండయారుపేట నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడుగునా రాసిపెట్టుకున్నది "కాశీయాత్ర చరిత్ర"గా 1838లో అచ్చయింది. తెలుగులో యాత్రారచనకి అదే మొదలని చెప్పుకుంటాం. ఏ మజిలీలో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో సామాన్లు దొరుకుతాయి, దారి ఎలాంటిది అన్నీ రాశారాయన. తన వెనక ఇంకొకరు ఆ దారిన వస్తారన్న ఎరుక ప్రతి పేజీలోనూ ఉంటుంది. ఆ పుస్తకం తెచ్చుకో. రోజుకి రెండు మజిలీల చొప్పున చదువు చాలు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి. ఇన్నేళ్లయినా గుర్తొస్తే బాధగానే ఉంటుంది. 2016 చివర్లో నేను కంబోడియాలోని సియెమ్ రీప్ వెళ్లాను. అక్కడి అంకోర్ గుళ్లు చూడ్డానికి ఒకరోజు టికెట్ అప్పుడు 20 డాలర్లు. వచ్చాక వ్యాసం రాసి ఒక పత్రికకిచ్చాను. అది అచ్చయ్యేసరికి 2017 వేసవి. ఈలోగా ఫిబ్రవరి 1 నుంచి టికెట్ 37 డాలర్లు చేశారు. నేను చూసుకోలేదు. ఆ వ్యాసం కత్తిరించి పెట్టుకుని, ఒంగోలు వైపు నుంచి రిటైరైన మాస్టారొకరు భార్యని తీసుకుని వెళ్లారు. లెక్కగా డబ్బు పట్టుకెళ్లే మనుషులు. టికెట్లకని విడిగా ఒక కవర్లో 40 డాలర్లు పెట్టుకున్నారు. మిగతాది తిరుగు ప్రయాణానికి. కౌంటర్ దగ్గర నిలబడ్డాక తెలిసింది, అది ఒక్కరికే సరిపోతుందని. మాస్టారు భార్యని లోపలికి పంపి, తను బయట టుక్‌టుక్‌లో కూర్చున్నారు. తిరిగొచ్చాక నాకు ఉత్తరం రాశారు. ఒక్క మాట కూడా నిందగా లేదు. "మా ఆవిడ వచ్చి అన్నీ వర్ణించి చెప్పిందండీ, చూసినట్టే ఉంది" అని రాశారు. ఆ ఉత్తరం నా బల్ల సొరుగులో ఉంది. అప్పటి నుంచి ధర రాస్తే పక్కన నెలా సంవత్సరం వేయకుండా ఒక్క వాక్యం కూడా బయటికి పంపలేదు. అచ్చుకి వెళ్లే ముందు మళ్లీ సరిచూస్తాను. నువ్వూ అలాగే చెయ్యి. థాయ్‌లాండ్‌కి విమానంలో కాగితం నింపాలని రాశావు చూడు, అది పాత సంగతి. 2025 మే నుంచి ఆన్‌లైన్‌లో, వెళ్లే ముందు మూడు రోజుల్లోపు నింపాలి, దానికి డబ్బులు కట్టక్కర్లేదు. డబ్బు అడిగిన సైటు నకిలీదని ఆ పక్కనే రాసెయ్యి.

అంకోర్ వాట్ దగ్గర నువ్వు "ఆకాశాన్నంటే గోపురాలు, శిల్పుల చేతుల్లో వెన్నలా కరిగిన రాయి" అన్నావు. ఈ మాటలు హంపికీ సరిపోతాయి, రామప్పకీ సరిపోతాయి. కొట్టేశాను, ఏమనుకోకు. అది 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మన్ కట్టించిన విష్ణ్వాలయం. ముఖం పడమటికి ఉంటుంది. అందుకే సూర్యోదయం చూడ్డానికి అందరూ పడమటి వైపు కోనేటి గట్టున చీకట్లోనే చేరతారు. గుడి వెనక నుంచి సూర్యుడు వచ్చేస్తాడు, ఫొటోలు అయిపోతాయి, జనం టిఫిన్‌కి హోటళ్లకి వెళ్లిపోతారు. అప్పుడు వెళ్లకూడదు. గుడి చుట్టి తూర్పు వసారాకి వెళ్లాలి. అక్కడ దాదాపు 49 మీటర్ల పొడుగున క్షీరసాగర మథనం చెక్కి ఉంది. పొద్దుటి ఎండ స్తంభాల మధ్య నుంచి ఏటవాలుగా లోపలికి పడుతుంది. వాసుకిని పట్టుకున్న చేతుల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ నడిచాను నేను. అందరి కాళ్లూ ఒకే వంపులో, ఒకే బిగువులో ఉంటాయి. మా ఊళ్లో రథం లాగేటప్పుడు మోకు పట్టుకున్నవాళ్ల కాళ్లు గుర్తొచ్చాయి. నడిమధ్య విష్ణువు, కింద తాబేలు. ఆ వేళ అక్కడ నేను, చీపురు పట్టుకున్న ఒకమ్మాయి తప్ప ఎవరూ లేరు. మీరు ఎనిమిదింటికి హోటల్లో ఇడ్లీ దొరుకుతుందేమోనని వెతుకుతున్నారని నీ నాలుగో పేజీ చెబుతోంది. పోనీలే, మళ్లీ వెళ్తావు. తిరిగొచ్చేటప్పుడు బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో ఇదే మథనం రంగురంగుల బొమ్మలుగా కనబడి ఉంటుంది కదా? పాస్‌పోర్టు తనిఖీ దాటగానే ఉంటుంది. ఆ పేరు, ఆ బొమ్మ చూసి మీ అమ్మగారు ఏమన్నారో రాయి.

తిండి గురించి ఎక్కువ రాశావు, తగ్గించు. చేపల రసం వేయని భోజనానికి అక్కడ "జే" అనే మాట ఉందని, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఆ గుర్తు కనిపిస్తుందని చెబితే మన శాకాహారులకి సగం బెంగ తీరుతుంది. కంబోడియాలో చిరిగిన డాలర్ నోటు తీసుకోలేదన్న సంగతి బాగుంది, ఉంచు.

వచ్చే మార్చిలో బాలి అంటున్నావు. తేదీలు ఖాయం చేసేముందు ఒక పని చెయ్యి, న్యెపి ఎప్పుడొస్తుందో చూసుకో. అది వాళ్ల శక సంవత్సరాది. మన పంచాంగంలో శాలివాహన శకం ఏ సంఖ్యో వాళ్లదీ అదే. 2023లో మార్చి 22న మన ఉగాది, వాళ్ల న్యెపి ఒకే రోజు వచ్చాయి, శకం 1945. 2026లో కూడా అంతే, మార్చి 19. ఆ రోజంతా ఎవరూ గడప దాటకూడదు, దీపం బయటికి కనబడకూడదు, 24 గంటలు విమానాశ్రయం కూడా మూసేస్తారు. తెలియక ఆ రోజుకి టికెట్ కొనుక్కుంటే అన్నీ తారుమారే. మేమిద్దరం మాత్రం 2023లో కావాలనే వెళ్లాం. ముందురోజే సంతలో మామిడికాయ, చింతపండు, తాటిబెల్లం కొన్నాం. ఎండబెట్టిన వేపపువ్వు మాంబళం నుంచే పొట్లం కట్టుకుని వెళ్లాను. హోటల్ కుర్రాడు తలుపు తట్టి, కర్టెన్లు పూర్తిగా వెయ్యమని గుసగుసగా చెప్పాడు. అతనికీ ఒక చెంచాడు పచ్చడి పెట్టాను. మొహం చిట్లించి, తర్వాత ఇంకో చెంచా అడిగాడు. రాత్రి వరండాలోకి వస్తే ఊరంతా ఒక్క దీపం లేదు. అన్ని నక్షత్రాలు నేను చిన్నప్పుడు మా మేడ మీద చూశాను, మళ్లీ అక్కడే చూశాను.

బాలికి ఇంకా టైముంది. ఈలోపు ఒక ఆదివారం వేలూరు వెళ్లిరా. పాలారు ఒడ్డున శ్రీలంకలోని క్యాండీ రాజ్యపు ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడి సమాధి ఉంది. తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశం వాళ్లది. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నాక వేలూరు కోటలో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. ఏ బస్సు ఎక్కావు, ఎక్కడ దిగావు, ఎవరిని దారి అడిగావు, ఏ భాషలో అడిగావు, వాళ్లకి ఆ రాజు సంగతి తెలుసా, అన్నీ కలిపి నాలుగు పేజీలు రాసి పంపు. సూచనల పట్టీ వద్దు.

వాట్ ఫో భాగం కూడా మళ్లీ రాయి. రాసే ముందు మీ అమ్మగారి పక్కన కూర్చుని ఒకటి అడుగు. ఆ గిన్నెలో నాణేలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టి ఇవ్వరు, ఒక్కోసారి తక్కువ పడతాయి, ఒక్కోసారి మిగులుతాయి. ఆఖరి పాత్ర దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో ఎన్ని ఉన్నాయి? తక్కువ పడితే ఆ మిగిలిన నామాలు ఏం చేశారు? కనుక్కుని సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. ఆరు దాటాక ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ