ఆకాశంలో 199 గంటలు, నేల మీద 32 నెలలు

ప్రియమైన యువ మిత్రునికి,

రిచర్డ్ ట్రూలీ గురించి మీరు పంపిన జీవితచిత్రణ శ్రద్ధగా చదివాను. భాష బాగుంది, సేకరణా బాగుంది. అయితే అమెరికా నౌకాదళ పైలట్, వ్యోమగామి, ఆ దేశపు అంతరిక్ష సంస్థ నాసాకు అధిపతి అంటూ ఆయనను మూడు మెట్లు ఎక్కించి, చివర ఒక పూలదండ వేసి ఊరుకున్నారు. ఆయన రెండు యాత్రల్లో కలిపి అంతరిక్షంలో గడిపింది సుమారు 199 గంటలు. చాలెంజర్ షటిల్ కూలిన 1986 జనవరి 28 నుంచి డిస్కవరీ షటిల్ లేచిన 1988 సెప్టెంబర్ 29 దాకా, రాకెట్‌లా లేచి విమానంలా దిగే ఆ నాసా వ్యోమనౌకలు నేల మీదే ఉన్నవి 32 నెలలు. రచన బరువంతా ఈ రెండో లెక్క మీద పడాలని నా అభిప్రాయం.

మిసిసిపీలోని బాల్యానికి మీరిచ్చిన పుటను నిరీక్షణకు మళ్లించండి. అమెరికా వైమానిక దళం తలపెట్టిన అంతరిక్ష ప్రయోగశాలకు 1965లో ఎంపికైన మనిషి, 1969లో ఆ పథకమే రద్దయితే నాసాకు మారి, 1981 నవంబర్ 12న, తన నలభై నాలుగో పుట్టినరోజున, మొదటిసారి కక్ష్యలోకి వెళ్లారు. నౌకకు విద్యుత్తునిచ్చే ఇంధన ఘటం ఒకటి పాడవడంతో అయిదు రోజుల ఆ యాత్ర రెండు రోజుల చిల్లరకు కుదించుకుపోయింది. నౌకాదళంలో ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ మీద పనిచేసిన ఆయన, 1977లో అదే పేరున్న షటిల్‌ను పరీక్షించారన్న సంగతిని మీరు వదల్లేకపోయారు. నేనైనా వదలను గాని, దానికి ఒక్క వాక్యం చాలు.

1983 నాటి రెండో యాత్ర దగ్గర మాత్రం ఆగండి. మన ఇన్సాట్-1బిని సరైన చోట విడిచిపెట్టాలంటే షటిల్ రాత్రివేళ లేవాల్సి వచ్చింది, అందువల్ల దిగడమూ రాత్రే అయింది. షటిల్ చరిత్రలో రెండూ మొదటిసారే. ఆ ఉపగ్రహం దూరదర్శన్ ప్రసారాలను మన ఊళ్లకు చేర్చింది కాబట్టి తెలుగు పాఠకుడికి ఆసక్తి కలుగుతుంది, కానీ దాని కోసం ట్రూలీని భారత బంధువుగా చిత్రించనక్కరలేదు. యుద్ధవిమానం ఓడ మీద దిగేటప్పుడు పైలట్ చక్రాలు తాకిన క్షణంలోనే ఇంజిన్‌కు పూర్తి శక్తినిస్తాడు, ఎందుకంటే తోకకున్న కొక్కెం తీగను అందుకోకపోతే వెంటనే లేచి మరో చుట్టు తిరిగి రావాలి. అలా మూడు వందలకు పైగా దిగిన ట్రూలీ కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఆ చీకట్లో దింపిన షటిల్‌కు మరో చుట్టు అన్నదే లేదు, అప్పటికి అది ఇంజిన్ శక్తి లేని గ్లైడర్. ఈ తేడాను విడమరిచి రాస్తే ఆయన ధైర్యానికి వేరే విశేషణాలు అక్కరలేదు.

మీరు పూర్తిగా వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ యాత్ర తరువాత, షటిల్‌ను పైకి నెట్టి సముద్రంలో పడిన బూస్టర్ రాకెట్‌ను తెచ్చి విప్పి చూస్తే, మంట బయటికొచ్చే మూతి అయిన నాజిల్ లోపలి రక్షణ పొర ఒకచోట ప్రమాదకరంగా పలచబడి కనిపించింది. చాలెంజర్‌ను కూల్చిన లోపం వేరు. అక్కడ చలికి బిరుసెక్కిన రబ్బరు వలయాలు బూస్టర్ అతుకు నుంచి మంటను ఆపలేకపోయాయి. అయినా బూస్టర్ వల్ల తన ప్రాణం మీదికే రాబోయిందని తెలిసిన మనిషి, 1986 ఫిబ్రవరిలో నాసా అంతరిక్షయాన విభాగాధిపతిగా అవే బూస్టర్లను సరిచేయించే కుర్చీలోకి వచ్చాడు. షటిళ్లను మళ్లీ ఎగరేయడానికి ఆ మార్చిలో ఆయన ప్రకటించిన ప్రణాళికను పక్కన పెట్టుకుని రాయండి. మొదటి ప్రయాణం పగటిపూట జరగాలి, నాసా వ్యోమగాములే వెళ్లాలి, ఎడ్వర్డ్స్‌లోనే దిగాలి. రాత్రి లేచి రాత్రి దిగిన కమాండరే ఇలా నిర్ణయించాడన్నది గమనించారా? ఏడాదిలో అనుకున్న ప్రయాణం 1988 మొదటికి వాయిదా పడింది. 1987 డిసెంబర్‌లో నేల మీద చేసిన పరీక్షలో నాజిల్ భాగమొకటి విరగడంతో మళ్లీ వాయిదా పడింది. ఎదురుచూస్తున్న ఉపగ్రహాలు, చట్టసభ, పత్రికలు ఒకవైపు ఉండగా, ప్రతి వాయిదాకూ జవాబు చెప్పుకోవలసిన అధికారి మీకు ఇక్కడే కథానాయకుడవుతాడు.

1989లో నాసా పగ్గాలు చేపట్టిన తొలి వ్యోమగామి ఆయనే అని రాసి, 1992లో ఎందుకు వెళ్లవలసి వచ్చిందో మీరు దాటవేశారు. అమెరికా ఉపాధ్యక్షుడు క్వేల్ నడిపిన అంతరిక్ష మండలితో ఆయనకు పొసగలేదు. షటిల్‌ను పట్టుకుని వేలాడుతున్నాడని, కొత్త దారులకు ఒప్పుకోడని విమర్శకులన్నారు. ఆ విమర్శలో కొంత నిజముందని నేననుకుంటాను. మీరు అనుకోకపోయినా, దానిని వారి వాదబలంతోనే పాఠకుడి ముందు పెట్టాలి. ఆ తరువాత పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలకు ఆయన సంచాలకుడిగా ఉన్న కాలానికీ, 2024 ఫిబ్రవరిలో వచ్చిన మరణానికీ నాలుగు వాక్యాలు సరిపోతాయి.

కొత్త ప్రతిని 1986 మార్చి నాటి ఆ ప్రణాళికతో మొదలుపెట్టి, వెనకటి సంగతులను అవసరమైన చోట మాత్రమే లోపలికి రానిచ్చి పంపండి, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి