ఆ ‘అది’ ఎక్కడి నుంచి వచ్చింది?

బాబూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చుంటే మొదటి పేజీలోనే పదకొండు గీతలు పడ్డాయి. పదకొండూ ఒకే మాట కింద. ‘అది.’

సికింద్రాబాద్‌లో రైలు కదిలాక ఒక హిజ్రా బోగీలోకి ఎక్కుతుంది. ‘అది చప్పట్లు కొట్టింది’ అన్నావు. ‘అది నా వైపు చూసింది’ అన్నావు. కాజీపేట దగ్గర పడుతుండగా తలుపు దగ్గర జారిపోతున్న పిల్లాణ్ణి లాగబోయి ఆ మనిషే పడిపోతుంది. అప్పుడు, చిట్టచివరి పేరాలో, తొలిసారి ‘ఆమె’ అని రాశావు. చదివేవాళ్ళ కళ్ళు చెమర్చాలని చేశావని తెలుస్తూనే ఉంది. నాకు కోపం వచ్చింది. ‘ఆమె’ అనిపించుకోవడానికి ఒక మనిషి రైలు కింద పడాలా?

రైల్లో జనం అలాగే అంటారు కదా మేడం అని నీ ఉత్తరంలో ముందే రాసుకున్నావు. జనం అంటే జనం నోట పెట్టు. ఎంత ముతకగా అంటారో అంత ముతకగానూ అననివ్వు. కానీ కథ చెప్పే గొంతు జనానిది కాదు, నీది. ఆ గొంతులో పడే ప్రతి క్రియాపదానికీ నువ్వే పూచీ.

దీని గురించి నేను ఎవరితోనైనా గంటలకొద్దీ వాదిస్తాను, నీతోనూ వాదిస్తాను. మన భాషలో రాముడు వచ్చాడు. సీత వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. ఒక్కతే ఉన్న ఆడమనిషికి ఆవుకీ బస్సుకీ వాడే క్రియే వాడతాం. ఇంకొకరు తోడైతే మాత్రం ‘వచ్చారు’ అని మనుషుల్లో చేరుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు అంటే ఏమిటో చెబుతూ స్త్రీలను, జంతువులను, జడపదార్థాలను ఒకే సమాసంలో కలిపి పక్కన పెట్టి, తక్కినవాటిని, అంటే మగవాళ్ళను, మహత్తులన్నాడు. చాలా ఏళ్ళు కాలేజీలో ఆ సూత్రం పాఠం చెప్పాను. పక్కనే ఉన్న తమిళంలో ‘వందాళ్’ అంటారు, కన్నడంలో ‘బందళు’ అంటారు. ఆడమనిషికి వాళ్ళ భాషల్లో వేరే క్రియ ఉంది. కాబట్టి ఇది ఇలాగే ఉండి తీరాల్సిన ఏర్పాటు కాదు. ఎవరు మనుషుల లెక్కలోకి వస్తారో, ఎవరు రారో మన నోళ్ళే తేల్చాయి. ఆ లెక్కలో ఆడదానికే సగం చోటు దొరికింది. హిజ్రాకి ఆ సగం కూడా ఇవ్వలేదు, ‘నపుంసక లింగం’ అని వ్యాకరణం వస్తువులకు వాడే మాటనే ఆ మనిషికి తిట్టు చేశాం.

ఇదంతా వ్యాకరణం గొడవ అనుకోకు. నువ్వు రైలెక్కించిన ఆ స్టేషన్‌కి కొద్ది దూరంలో, హైదరాబాద్ వీధుల్లో, నిజాం కాలంలో 1329 ఫస్లీ నాటి చట్టం ఒకటి ఉండేది. మన లెక్కలో 1919. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసి ఉంచాలి. ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా జైల్లో పెట్టవచ్చు. ఎవరు ఆ రిజిస్టరులోకి వస్తారో డాక్టరు పరీక్ష చేసి చెప్పవచ్చు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. నూట నాలుగేళ్ళు! అదే కాలంలో తెనాలి రంగస్థలం మీద, ఆడ వేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిచి వస్తుంటే జనం కళ్ళార్పకుండా చూశారు. ఆయన కుచ్చిళ్ళు చూసే తాను చీర కట్టడం నేర్చుకున్నానని మా అమ్మమ్మ చెప్పేది. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. స్టేజీ మీద చీరకి చప్పట్లు, వీధిలో చీరకి జైలు. చీర అదే. ఎవరు ఎక్కడ కట్టుకోవచ్చో నిర్ణయించే చేతులు వేరు. కథ రాసేవాడికి ఆ చేతులు కనిపించాలి.

నాకు కనిపించేసరికి నలభై దాటాయి. సికింద్రాబాద్‌లో మా వీధి చివర ఒకావిడ ఉండేది. నన్ను అక్కా అనేది. ఆవిడ మీద కథ రాశాను. ‘ఆవిడ వచ్చారు, ఆవిడ కూర్చున్నారు’ అని మొదటి నుంచి చివరి దాకా గౌరవంగా రాశాను. ఒక వారపత్రిక వేసుకుంది. పత్రిక వచ్చిన రోజే సంబరంగా ఆవిడ ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడకి చదువు రాదు, నేనే పైకి చదివాను. రెండో వాక్యంలోనే నా నోరు ఆగిపోయింది. ‘అది వచ్చింది’ అని ఉంది. పేజీ తిప్పితే అంతా ‘అది’యే. నాకు తెలియకుండా ఎడిటరు అన్నీ మార్చేశాడు. నేను చదువుతూనే మనసులో దిద్దుకుంటూ ‘ఆవిడ, ఆవిడ’ అనబోయాను. తడబడ్డాను. ఆవిడకి అర్థమైపోయింది. “మీరు నన్నలా పిలవరు కదక్కా, పుస్తకంలో ఎందుకు పిలిచారు?” అంది.

ఎడిటరుకి ఉత్తరం రాశాను. పాఠకులు తికమకపడతారని జవాబొచ్చింది. ఏ పాఠకులు? ఆవిడ కూడా నా పాఠకురాలే కదా. ఆ పత్రికకు మళ్ళీ ఏమీ పంపలేదు. పారితోషికం మనియార్డరు వస్తే తిప్పి పంపాను, ఆ నెల ఇంట్లో ఇబ్బందే అయింది. ఆ ఎడిటరు మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఇప్పటి సంచికల వాళ్ళు ఇంకో రకం. ‘అది’ అని వెయ్యరు, నిజమే. ‘ట్రాన్స్‌జెండర్ వ్యక్తి’ అని ప్రతి వాక్యంలో, ఆఫీసు దరఖాస్తులో లాగా వేస్తారు. కథ చివర మాత్రం ఆ వ్యక్తి చచ్చిపోవాలి, లేదా ఎవరినో కాపాడాలి. ఊరికే బతికి ఉంటే వాళ్ళకి కథ కాదు. నువ్వు ఆ వాసన పట్టే ఈ ముగింపు రాశావేమోనని నా అనుమానం.

ఏమని పిలవాలి అని అడిగావు. ఆమెనే అడుగు. తానెవరో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. తర్వాత 2019 చట్టం దానికి కలెక్టరు సర్టిఫికెట్ తగిలించింది. నీ కథలోకి రావడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆమె అంటే ఆమె. ఇంకా తెలియకపోతే ‘వారు వచ్చారు’ అను. మన గౌరవ బహువచనానికి ఆడా మగా తేడా లేదు, తెలుగులో అంతకంటే మంచి క్రియ నాకు తెలియదు. కానీ ఆమె తన మాట చెప్పాక కూడా ‘వారు’ చాటున దాక్కోకు.

మూడో పేజీలో ఒక చోటుంది. ఆమె పదిరూపాయల నోట్లు పొడవుగా మడిచి వేళ్ళ మధ్య పెట్టుకుంటుంది, చిరిగిన నోటు ఒక్కటీ తీసి విడిగా జాకెట్టులో దాస్తుంది. అది నువ్వు చూసి రాసిన వాక్యం. తక్కినదంతా ఎక్కడో చదివి రాసింది.

పిల్లాణ్ణి తీసెయ్. కాజీపేటలో ఆమెను ప్రాణాలతో దించు. ఆ సాయంత్రం తమ గుంపుకి పెద్దయిన గురువుకి ఎంత ఇవ్వాలి, గది అద్దె ఎంత, బియ్యం ఎవరు కడిగారు, ఆ చిరిగిన నోటు ఏ కొట్టువాడు మాట్లాడకుండా తీసుకున్నాడు? అక్కణ్ణుంచి రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మేడం