దారి అడగండి: వీరాపురం కొంగలు, మా పక్క చెరువులు

(హిందూపురం డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన మా శీర్షికకర్త పాఠకుల ప్రయాణ సందేహాలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: మేం కర్నూలులో ఉంటాం. వేసవి సెలవుల్లో పిల్లలకు వీరాపురం కొంగలు చూపించాలని ఉంది. మా ఆయనేమో "కొంగల కోసం అంత దూరమా?" అంటున్నారు. ఎప్పుడు వెళ్లాలి? ఎక్కడ దిగాలి? రెండు రోజులు సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మామూలు తెల్లకొంగలే అయితే మీ ఆయన మాట నిజమే తల్లీ, మీ తుంగభద్ర ఒడ్డున కావలసినన్ని ఉంటాయి. వీరాపురానికి వచ్చేవి ఎర్రకాళ్ల కొంగలు. నిలబడితే మూడడుగుల పైనే. పొడుగాటి పసుపు ముక్కు, నారింజ రంగు బోడితల, తోక దగ్గర గులాబీ ఈకలు. గూటి మీదికి దిగేటప్పుడు విప్పిన రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు ఐదడుగులుంటాయి. మీ ఆయన్ను ఒక్కసారి ఆ చెట్టు కింద నిలబెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

వీరాపురం చిలమత్తూరు మండలంలో ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. కారులో అయితే 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం, పెనుకొండ దాటి కొడికొండ చెక్‌పోస్టు దాకా వచ్చి, అక్కడ లేపాక్షి వైపు తిరగండి. రైలయితే హిందూపురంలో దిగి, ఆటో మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. పల్లె బస్సును నమ్ముకుని చంటిపిల్లలతో వెళ్లొద్దని నేనే చెబుతున్నాను, ఆ బస్సుల్లో టికెట్లు కొట్టినవాణ్ని.

కొంగలు జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఆగస్టుకల్లా పిల్లలతో వెళ్లిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలలు బాగుంటాయి. సెలవులంటున్నారు కాబట్టి మేలో వచ్చినా నష్టం లేదు, అప్పటికి పిల్లలు పెద్దవై గూళ్లలో ఒకటే గోల చేస్తుంటాయి. పెద్ద కొంగలకు గొంతు పెద్దగా లేవదు, ముక్కులు టకటకలాడిస్తాయి. ఆ చప్పుడు వినాలంటే పొద్దున ఏడు లోపే ఊళ్లో ఉండాలి. పది దాటితే మా పక్క ఎండకు పిల్లలు కొంగల్ని మరిచి ఐస్‌క్రీమ్ అడుగుతారు.

ఒక సంగతి ముందే చెప్పాలి. అది పార్కు కాదు, ఊరు. మీరు తలెత్తి చూసే చెట్టు ఎవరో ఒకరి వాకిట్లో ఉంటుంది. కింద పశువులు, ఆరేసిన బట్టలు, అన్నిటి మీదా తెల్లగా పడే రెట్ట, నీచు వాసన. నెలల తరబడి దాన్ని భరిస్తూ బతికేది వాళ్లు, మనం గంటసేపు ముక్కు మూసుకుని "అబ్బే" అనకూడదు. తలకు టోపీయో తువ్వాలో పెట్టుకోండి. ఎవరి వాకిట్లోకైనా వెళ్లే ముందు "అమ్మా, చూడొచ్చా?" అని అడగండి. చాలాసార్లు మంచినీళ్లిచ్చి కూర్చోమంటారు. అక్కడో పెద్దావిడ నాతో "కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతుళ్లు నాయనా, పొమ్మంటామా?" అంది. అన్నట్టు, చింతకాయ దులిపే రోజులూ ఇవి గూళ్లు కట్టే రోజులూ ఒకటే. గూళ్లున్న కొమ్మను దులిపితే గుడ్లు రాలిపోతాయి. ఆ కొమ్మ వదులుకుంటే ఎంత పోతుందో తెలియాలంటే హిందూపురం చింతపండు మార్కెట్లో రేటు కనుక్కోండి.

రాత్రికి లేపాక్షిలో పర్యాటక శాఖ హోటల్ ఉంది, కాదంటే హిందూపురంలో లాడ్జీలున్నాయి.  లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చడానికి అందరూ క్యూ కడతారు. మీరు మాత్రం మండపం పైకప్పు బొమ్మలకు ఎక్కువ టైమివ్వండి, చీరల అంచులు చూస్తుంటే మీకే కాలం తెలియదు. తిరుగుదారిలో పెనుకొండ. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని పెట్టుకున్న ఊరు. గగన్‌మహల్ చూసి బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరతారు.

ప్రశ్న: చెరువు ఎండిన ఏడాది వీరాపురం వెళ్లడం దండగే కదా? అలాంటప్పుడు చుట్టుపక్కల ఇంకేం చూడొచ్చు?
– రిటైర్డ్ ఉద్యోగి, కడప

జవాబు: దండగ అనను సార్. కానీ ఊళ్లోకి పోయే ముందు చెరువు కట్ట మీద ఆగి చూడండి, ఆ ఏడాది కథ సగం అక్కడే తెలుస్తుంది. ఈ కొంగ బతికేది చేపల మీద. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కు కొంచెం తెరిచి నీళ్లలో అటూ ఇటూ ఊపుతుంది, తగిలిన చేపను పట్టేస్తుంది. నీళ్లు మరీ లోతైనా దానికి కుదరదు, ఎండితే అసలే కుదరదు. ఒక గూట్లో రెండు మూడు పిల్లలున్నప్పుడు చెరువు ఎండితే తల్లీతండ్రీ దూరం చెరువులకు ఎగరాలి. ఆలస్యమైతే బక్క పిల్ల మిగలదు. అందుకే కరువేడాది గూళ్లు పలచగా ఉంటాయి. మా పక్క ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర, అదీ పడితే.

పెద్ద నీళ్లు చూడాలంటే పుట్టపర్తి పక్కన బుక్కపట్నం చెరువుకు వెళ్లండి. చిత్రావతి నీళ్లతో నిండే చెరువు, విజయనగరం తొలినాళ్లది. నిండినప్పుడు కట్ట మీద నడుస్తుంటే ఇది అనంతపురం సీమేనా అనిపిస్తుంది. అనంతపురంలో ఉన్నవాళ్లకు బుక్కరాయసముద్రం ఎలాగూ పక్కనే. ఆ కట్ట మీద సాయంత్రం వాకింగ్‌కు వచ్చేవాళ్లలో ఎంతమంది నీళ్ల వైపు చూస్తారో నాకు అనుమానమే, అందరి చూపూ ఫోన్లలోనే.

ప్రశ్న: అంకుల్, నా దగ్గర చిన్న డ్రోన్ ఉంది. గూళ్లను పైనుంచి వీడియో తీయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: వద్దు నాయనా. డ్రోన్ మోతకు కొంగ బెదిరి లేస్తే గుడ్లు ఎండకు మాడతాయి, పిల్లలు కంగారుపడి అంచు మీదినుంచి జారతాయి. కాకులు కాచుకునే ఉంటాయి. గూళ్లకు, గుడ్లకు హాని చేస్తే వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, అంతకంటే ముందు ఊరి ఆడవాళ్లే నీ సంగతి చూస్తారు. లేపాక్షి గుడి దగ్గరా పర్మిషన్ లేకుండా ఎగరనివ్వరు. కాబట్టి దాన్ని ఇంట్లోనే పెట్టి, ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ అరువు తెచ్చుకో. ఏ ఇంటివాళ్లయినా మిద్దె ఎక్కనిస్తే గూళ్లు దాదాపు నీ కళ్ల ఎత్తులోనే ఉంటాయి. మెట్లెక్కే ముందు చెప్పులు కిందే విడువు.