మెడికల్ అండ్ సైకియాట్రిక్, కమ్యూనిటీ డెవలప్‌మెంట్: ఎం.ఎస్.డబ్ల్యు.లో ఏది తీసుకోవాలి?

స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తూ ఎం.ఎస్.డబ్ల్యు. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చదవాలనుకుంటున్నానని, ఈ రెండు స్పెషలైజేషన్లలో ఏది మేలని, ఉద్యోగం వదలకుండా దూరవిద్యలో చేయవచ్చా అని అడిగారు. నేను మొదటిది, అంటే రోగులతో, వారి కుటుంబాలతో పనిచేసే మెడికల్ అండ్ సైకియాట్రిక్ చదివి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. నా మాట అటే మొగ్గుతుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

స్పెషలైజేషన్ పేరుకన్నా ముందు ఫీల్డ్‌వర్క్, అంటే చదువులో భాగంగా ఆసుపత్రిలోనో సంస్థలోనో చేసే క్షేత్రశిక్షణ, సంగతి తేల్చుకోండి. ఎక్కడికి పంపుతారు, వారానికి ఎన్ని రోజులు, అక్కడి సూపర్‌వైజర్ సోషల్ వర్క్ చదివినవారేనా? ఇవి కాలేజీ కార్యాలయంలో కాదు, రెండో సంవత్సరం విద్యార్థులను అడగాల్సిన ప్రశ్నలు. అమెరికాలో గుర్తింపు పొందిన ఎం.ఎస్.డబ్ల్యు.కు కనీసం 900 గంటల క్షేత్రశిక్షణ ఉండి తీరాలి. ఈ చదువులో దాని బరువు అంత.

నా ఫీల్డ్‌వర్క్ విషయమే చెబుతాను. వార్డులో ఒక పెద్దాయనకు డిశ్చార్జి రాశారు, కొడుకు మాత్రం తీసుకెళ్లడం లేదు. అతనితో మాట్లాడి, పద్ధతి ప్రకారం సంభాషణంతా ఒకవైపు, నాకు అనిపించింది మరోవైపు రాసి ఇచ్చాను. సూపర్‌వైజర్ ‘ఇల్లు ఇరుకు’ అన్న మాట కింద గీత గీసి, పక్కన ‘రాత్రిపూట ఎవరు లేస్తారో అడుగు’ అని రాశారు. మర్నాడు అడిగితే అసలు సంగతి బయటపడింది: అతనికి రాత్రి డ్యూటీ, ఇంట్లో నెలల బిడ్డతో భార్య ఒక్కతే. అక్కడి నుంచి మా మాటలు గదుల గురించి కాక మనిషి సాయం గురించి సాగాయి. ఆ ఒక్క వాక్యం నేర్పింది ఏ పేపరూ నేర్పలేదు. దూరవిద్య మీద నాకు అనుమానం కూడా అందుకే. మీ సంస్థలో చేసే పనినే ఫీల్డ్‌వర్క్‌గా లెక్కవేసే కోర్సయితే డిగ్రీ వస్తుంది కానీ, మీ రాతల కింద గీత గీసేవారు ఉండరు.

ఇక మీ మొగ్గు ఎటో చూసుకోండి. ఒకరి పింఛను ఆగిందని తెలిస్తే ఆమె ఇల్లు ఎలా గడుస్తోందో ముందు తెలుసుకోవాలనిపిస్తుందా, ఇంకెంతమందికి ఆగిందో లెక్క తీయాలనిపిస్తుందా? రెండోదయితే కమ్యూనిటీ డెవలప్‌మెంటే మీది. అక్కడ ఫలితం నెమ్మది, సమావేశాలు ఎక్కువ. నాకు అంత ఓపిక లేదు.

సైకియాట్రిక్ వైపు వెళ్లేవారు మరొకటి గమనించాలి. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు ఇచ్చిన నిర్వచనంలో ఎం.ఎస్.డబ్ల్యు. తరువాత ఆ విభాగంలో రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. కూడా ఉంది. అంటే రెండేళ్ల చదువుకు కాదు, నాలుగేళ్లకు సిద్ధపడాలి.

ఇంకా తేలకపోతే, మొదటి ఏడాది అందరికీ ఉమ్మడిగా నడిపి రెండో ఏడాది స్పెషలైజేషన్ ఇచ్చే చోట చేరండి. సంస్థ పని మీకు ఎలాగూ తెలుసు కాబట్టి, మొదటి ఏడాది ఫీల్డ్‌వర్క్‌కు ఆసుపత్రి అడిగి తీసుకోండి.