నీళ్లు రాని దుకాణానికి ప్రీమియం ఎందుకు పెరిగింది?

ప్రశ్న: సార్, కోదాడలో మాది ఎరువులు, విత్తనాల దుకాణం. 2024 సెప్టెంబరు 1న ఊళ్లోకి వరద వచ్చినా మా గోదాములోకి చుక్క నీరు రాలేదు. పదేళ్లుగా బీమా కడుతున్నాను, ఒక్క క్లెయిమ్ అడగలేదు. ఈసారి రెన్యువల్‌కు పోతే ప్రీమియం పెంచారు. ఇదేందని అడిగితే 'కంప్యూటర్ మోడల్‌లో మీది ముంపు ప్రాంతం' అన్నారు. రాని వరదకు లెక్క ఎట్లా కడతరు?
- ఒక చదువరి, కోదాడ

జవాబు: తమ్ముడూ, ముప్పై ఏళ్లు బీమా సర్వేయర్‌గా తడిసిన బస్తాలు లెక్కబెట్టినవాణ్ణి. ఈ ప్రశ్న చాలామంది నోట విన్నాను.

మోడల్ మీ పదేళ్ల పాలసీని చూడదు. మీ ప్రాంతంలో పడే వీలున్న వానలను, పొంగే వీలున్న వాగులను, తెగే వీలున్న చెరువుకట్టలను కంప్యూటర్‌లో వేల వానాకాలాల పాటు నడిపిస్తుంది. ఏ వీధిలో ఎన్ని అడుగుల నీళ్లు నిలుస్తాయి, అక్కడ ఏమేం ఉన్నాయి, ఎంత పాడవుతుంది, అందులో పాలసీ భరించేది ఎంత అని వరసగా కడుతుంది.

పాత క్లెయిమ్‌లనే నమ్ముకుంటే ఏమవుతుందో 1992లో అమెరికాలో ఆండ్రూ తుపాను చూపించింది. బీమా నష్టం 1,500 కోట్ల డాలర్లు దాటింది, చాలా కంపెనీలు దివాలా తీశాయి. కారెన్ క్లార్క్ అనే ఆమె నష్టం 1,300 కోట్లు మించవచ్చని అసలు లెక్కలు తేలకముందే తన కంప్యూటర్ మోడల్‌తో చెబితే నమ్మినవాళ్లు తక్కువ. అంత దూరమెందుకు, మన శ్రీశైలం డ్యామ్‌ను సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు కట్టారు. 2009 అక్టోబరులో 25 లక్షలు వచ్చాయి.

ఆ వరద తీశాక తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలికి పోయాను. నేతన్నల గుంట మగ్గాల్లో బురద నిండి ఉంది. గోడ మీద నీటి మరక అన్ని ఇళ్లలో దాదాపు ఒకే ఎత్తున ఉంది. ఇత్తడి సామాన్ల కొట్టువాళ్లు గిన్నెలు కడుక్కుని మళ్లీ పేర్చుకున్నారు. మగ్గం గుంటలో ఉన్నాయన నూలు, పడుగు, పలక ఏదీ మిగల్లేదు. అదే నీళ్లు, నష్టం వేరు. ఆ దృశ్యం నన్ను వదల్లేదు. మోడల్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోటు కూడా అదే: మీ కొట్టు ఎట్లాంటిదో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే ఆ పిన్‌కోడ్‌లో సగటు కొట్టు ఎట్లుంటదో మీదీ అట్లే అనుకుంటుంది.

ఇంకో మాట. 'వందేళ్ల వరద' అంటే ఒకసారి వస్తే మళ్లీ వందేళ్లకు వచ్చేదని కాదు. ఏ ఏటికి ఆ ఏడు నూటికి ఒక పాలు అవకాశం. 30 ఏళ్ల వ్యాపారంలో కనీసం ఒకసారి ఎదురుపడే అవకాశం నూటికి 26. మొన్న మీ గడప దాటలేదు కాబట్టి ఇక దాటదనుకోవద్దు.

కాబట్టి గోదాము అరుగు రోడ్డు మట్టం నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. యూరియా బస్తాల కింది వరుసకు చెక్క పలకలున్నాయా? లేకుంటే ముందు అవి వేయించండి, తడిసేది ఆ వరుసే. ఈ వివరాలన్నీ ప్రపోజల్ ఫారంతో (బీమా దరఖాస్తుతో) పాటు రాతపూర్వకంగా ఇచ్చి, రేటు మళ్లీ చూడమని అడగండి. తగ్గుతుందని నేను మాటివ్వలేను. కానీ సగటు కొట్టు లెక్క మీకు కట్టొద్దని అడిగే హక్కు మీకుంది. అరుగు ఫొటో కూడా జతచేయండి, టేపు మీది అంకెలు స్పష్టంగా కనబడాలి.