సీల్ చెక్కుచెదరలేదు, కార్టన్లు మాత్రం తక్కువ: ఈ-లాక్ పెడితే తలుపు ఎప్పుడు తీశారో తెలుస్తుందా?

మీ ప్రశ్న చదవగానే కొన్నేళ్ల కిందటి నా టెన్షన్ మళ్లీ గుర్తొచ్చింది. విజయవాడ నుంచి కంటైనర్ లారీలో పంపిన సరుకు అవతల దిగేసరికి అయిదారు కార్టన్లు తగ్గుతున్నాయి, సీల్ చూస్తే వేసింది వేసినట్టే ఉంది, డ్రైవర్ మీద అనుమానం, ఎలక్ట్రానిక్ లాక్ పెడితే తలుపు ఎప్పుడు తీశారో తెలిసిపోతుందా, దానికి అంత ఖర్చు పెట్టొచ్చా అని కదా అడిగారు. తెలుస్తుంది. కానీ ఆ లాక్ చెప్పింది సరిగ్గా చదవడం రాకపోతే తప్పు మనిషిని పట్టుకుంటారు. నేను అలాగే పట్టుకున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో డిస్పాచ్ చూస్తాను. విదేశాలకు పోయే రీఫర్ (చల్లదనం మెషీన్ ఉండే) కంటైనర్లను మా దగ్గరే నింపి, మేమే సీల్ వేసి విశాఖ పోర్టుకి పంపుతాం. ప్లాంటులో చోటు చాలనప్పుడు మిగిలిన సరుకు మా సొంత ఫ్రీజర్ బండిలో విశాఖలో అద్దెకు తీసుకున్న కోల్డ్ స్టోరేజీకి వెళ్తుంది. ఒకదానికి ఈ-సీల్, ఇంకోదానికి జీపీఎస్ లాక్. రెండూ నా చేతుల మీదుగానే నడిచాయి.

ముందు మీ మామూలు సీల్ సంగతి. అది చెక్కుచెదరకుండా ఉన్నంత మాత్రాన తలుపు తీయలేదని అనుకోకండి. కంటైనర్ వెనక రెండు తలుపులుంటాయి. కుడి తలుపు అంచు ఎడమదాని మీదికి వస్తుంది కాబట్టి కుడిది తీయకుండా ఎడమది రాదు. అందుకే సీల్ కుడి తలుపు హ్యాండిల్‌కి వేస్తాం. ఆ హ్యాండిల్ నిలువు కడ్డీకి రివెట్‌తో బిగించి ఉంటుంది. పని తెలిసిన దొంగ సీల్ జోలికి పోనే పోడు. రివెట్‌ని డ్రిల్లుతో తొలిచేస్తాడు. సీల్‌తో సహా హ్యాండిల్ ఊడి పక్కకి వస్తుంది. కడ్డీ తిప్పి, తలుపు తీసి, కావలసినవి దించుకుని, రివెట్ చోట చిన్న బోల్టు బిగించి పైన రంగు పూసేస్తాడు. ఒకసారి మాకు వచ్చిన ఖాళీ కంటైనర్‌ని లోడింగ్‌కి ముందు చూస్తుంటే ఒక రివెట్ మిగతావాటికన్నా నీలంగా కనిపించింది. గోటితో గీకితే రంగు రేకులా లేచొచ్చింది, కింద కొత్త బోల్టు తల మెరిసింది. అది అంతకుముందు ఎవరి సరుకు మోసిందో గానీ, ఆ కంటైనర్‌ని వెనక్కి పంపేశాను. అప్పటినుంచి బండి రాగానే లోపల వాసన చూసే ముందు రివెట్లు, తలుపు కీళ్లు చూస్తాను.

బోల్ట్ సీల్, అంటే ఉక్కు బోల్టులా ఉండే సీల్, కొనేటప్పుడు దాని మీద సీళ్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17712 ప్రకారం హై సెక్యూరిటీని సూచించే ‘హెచ్’ అక్షరం ఉండాలి. అవతల దించుకునేవాళ్లకి నంబరు ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దని చెప్పండి. గట్టిగా లాగి, తిప్పి చూడాలి. కోసి, జిగురుతో అతికించినదైతే చేతిలోకి వచ్చేస్తుంది.

ఇక ఎలక్ట్రానిక్‌వి. అమ్మేవాళ్లు అన్నిటినీ ఈ-లాక్ అనే అంటారు. ఇందులో రెండు జాతులున్నాయి, మీకు కావలసింది ఒకటే.

మొదటిది ఆర్ఎఫ్ఐడీ ఈ-సీల్, అంటే రేడియో తరంగాలతో చదివే సీల్. ఎగుమతి కంటైనర్లకు ఇది 2017లో వచ్చింది. అంతకుముందు ఎక్సైజ్ ఆఫీసర్ ఫ్యాక్టరీకి వచ్చి దగ్గరుండి సీల్ వేయించేవారు. ఆయన కోసం చూస్తూ, నింపిన కంటైనర్ ప్లగ్గు పెట్టుకుని మా గేటు దగ్గర ఎన్ని రాత్రులు నిలబడిందో. 2017లో ఆ పద్ధతి తీసేసి, ఎగుమతిదారే సీల్ వేసుకోవచ్చు, కానీ ఈ-సీల్ వేయాలి అన్నారు. చూడ్డానికి బోల్ట్ సీలే, తలకి ఒక ప్లాస్టిక్ డబ్బా అంటుకుని ఉంటుంది. బ్యాటరీ ఉండదు, రీడర్ పంపే తరంగాల బలంతోనే పలుకుతుంది. సీల్ నంబరుకి మన ఐఈసీ (ఎగుమతిదారు కోడ్) నంబరు, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) నంబరు, దాని తేదీ, సీల్ వేసిన తేదీ, సమయం, ఏ పోర్టుకి పోతోంది, కంటైనర్ నంబరు, ట్రైలర్ నంబరు జోడించి ఆన్‌లైన్‌లో పంపుతాం. పోర్టులో రీడర్‌తో చదివి చూస్తారు. మధ్యలో కోసి ఉంటే కొన్ని సీళ్లు ట్యాంపర్ అయిందని చూపిస్తాయి, కొన్ని అసలు పలకనే పలకవు.

దీనికి గడియారం లేదు. సీల్ తెగిందా లేదా అన్నదొక్కటే దీనికి తెలుసు. ఎప్పుడు తెగింది, ఎక్కడ తెగింది అంటే మూగదే. పైగా రీడర్‌ని సరైన కోణంలో పట్టుకోకపోతే బాగున్న సీల్ కూడా పలకదు. ఒకసారి వానలో పోర్టులో మా కస్టమ్స్ పని చూసే ఏజెంటు (సీహెచ్ఏ) కుర్రాడు ‘సార్, సీల్ రీడ్ అవ్వట్లేదు’ అని ఫోన్ చేస్తే నాకు గుండె ఆగినంత పనైంది. తుడిచి, రీడర్ అటూ ఇటూ తిప్పితే అయిదో సారికి పలికింది. మీది దేశంలోపలి సరుకు కాబట్టి దీనితో మీకు పనిలేదు.

రెండోది జీపీఎస్ లాక్. అరచేతికన్నా పెద్ద డబ్బా, లోపల సిమ్ము, బ్యాటరీ, బయటికి ఉక్కు రోప్. రోప్ ఒక కొన డబ్బాకి ఉంటుంది, రెండో కొనని కడ్డీల చుట్టూ తిప్పి తెచ్చి దూరిస్తే లాక్ పడుతుంది. కార్డు చూపించో, ఫోన్‌లో ఓటీపీ కొట్టో తెరవాలి. లాక్ వేసినా, తెరిచినా, రోప్ కోసినా, తప్పుడు కార్డు చూపించినా, డబ్బా వెనక మూత ఊడదీసినా ఒక్కో వరుస రాసుకుంటుంది, టైము, చోటుతో సహా. సిగ్నల్ లేకపోతే లోపలే దాచుకుని, దొరికాక పంపుతుంది. విశాఖ, కోల్‌కతా, హల్దియా పోర్టుల్లో దిగి నేపాల్ పోయే కంటైనర్లకు కస్టమ్స్ వాళ్లు వాడేది ఇలాంటిదే. ఆ సరుకు పన్ను కట్టకుండా మన నేల మీదుగా పోతుంది, దారిలో ఎక్కడా దిగకూడదు కదా. పెట్రోల్ ట్యాంకర్లకి ఆయిల్ కంపెనీలు పెడుతున్న లాకులూ ఈ వరసవే.

ఇప్పుడు నేను చేసిన తప్పు. లాక్ కొత్తగా పెట్టిన రోజులు. మా ఫ్రీజర్ బండి రాత్రి బయల్దేరి తెల్లారేసరికి విశాఖ చేరింది. ఏడింటికి మా గుమాస్తా లెక్కపెట్టుకుంటే ఆరు మాస్టర్ కార్టన్లు తక్కువ. నేను గర్వంగా లాక్ రిపోర్టు డౌన్‌లోడ్ చేశాను. 23:10కి తెరిచినట్టు, 23:25కి మళ్లీ వేసినట్టు ఉంది. ట్రాకింగ్ స్క్రీన్ చూస్తే పదకొండూ పదికి బండి రాజానగరం దగ్గర ఒక దాబా ముందు ఆగి ఉంది. ఇంకేం కావాలి? మేనేజరు గదిలో స్పీకర్ పెట్టి డ్రైవర్‌కి ఫోన్ చేశాం. ఆయన నాకన్నా పెద్దవాడు, బాబాయ్ అనే పిలుస్తాను.

“నిజం చెప్పు బాబాయ్, లాకే చెప్తోంది” అన్నాను.

“టీకి ఆగానండీ. తలుపు వంక కూడా పోలేదండీ. అయినా తాళం కార్డు నా దగ్గర లేదు కదండీ?”

ఆ మాట నేను వినిపించుకోలేదు. కార్డు ఎవరో కాపీ చేసి ఇచ్చుంటారని మేనేజరు, అవునని నేను. ఆరు కార్టన్ల డబ్బు ఆయన జీతంలో కోయాలని కాగితం కూడా టైపైంది.

మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, ఆ కాగితానికి రిపోర్టు జత చేద్దామని ప్రింటు తీశాను. అప్పుడు కనిపించింది మొదటి వరుస: లాక్ వేసిన టైము 15:05. ఆ రోజు లాక్ వేసింది నేనే, ఎనిమిదిన్నర దాటాక. మూడింటికి ఆ బండిని ఇంకా కడుగుతున్నారు. చివరి వరుస చూస్తే 01:40కి తెరిచినట్టుంది. ఆ టైముకి బండి హైవే మీద నడుస్తోంది. నడిచే బండి తలుపు ఎవరు తీస్తారు?

రిపోర్టు యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైములో ఉంది. మన టైముకి అయిదున్నర గంటలు వెనక. ట్రాకింగ్ స్క్రీనేమో మన టైమే చూపిస్తోంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే లాగిన్‌లో ఉన్నవి. అయిదున్నర కలిపితే 15:05 రాత్రి ఎనిమిదీ ముప్పై అయిదైంది, 01:40 మా గుమాస్తా లెక్కకి తెరిచిన ఏడూ పదైంది. 23:10 తెల్లవారుజామున నాలుగూ నలభై. అప్పటికి బండి కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ఉంది, డ్రైవర్ క్యాబిన్‌లో నిద్రపోతున్నాడు. ఆ వరుసలోనే చివరి గడిలో కార్డు నంబరు ఉంది. అది మేం ఆ కోల్డ్ స్టోరేజీ వాళ్లకి ఇచ్చిన కార్డు. పొద్దున్నుంచీ నా కళ్ల ముందే ఉన్న గడి అది.

అప్పటికీ నమ్మకం చాలక బండిలో పెట్టిన టెంపరేచర్ లాగర్‌ని కంప్యూటర్‌కి పెట్టాను. రాత్రి పదకొండు ప్రాంతంలో మైనస్ 19 దగ్గర గీత కదల్లేదు. నాలుగూ నలభై దాటాక మైనస్ 12 దాకా లేచి, మెల్లగా దిగింది. ఫ్రీజర్ బండి వాడేవాళ్లకి ఇది ఉచితంగా దొరికే రెండో సాక్ష్యం. డీఫ్రాస్ట్ (మెషీన్ తన మీద పేరుకున్న మంచు కరిగించుకోవడం) జరిగినప్పుడు కూడా గీత లేస్తుంది గానీ, అది సమాన దూరాల్లో, ఒకే ఎత్తులో వస్తుంది, నాలుగు ట్రిప్పులు చూస్తే తేడా తెలిసిపోతుంది.

కోల్డ్ స్టోరేజీ వాళ్లు ‘టెంపరేచర్ చూడ్డానికి తీశాం’ అన్నారు. పదిహేను నిమిషాలు చూశారన్నమాట. తప్పు ఒప్పుకోలేదు గానీ ఆ నెల బిల్లులో ఆరు కార్టన్ల విలువ తగ్గించుకున్నారు. నేను వెళ్లి బాబాయ్‌కి సంగతంతా చెప్పాను. “సర్లెండి” అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ప్లాంటుకి వచ్చినా నా గది వైపు టీకి రాలేదు.

కాబట్టి లాక్ వచ్చిన మొదటి రోజే ఆఫీసులోనే ఒకసారి వేసి తీసి, గోడ గడియారం టైము కాగితం మీద రాసుకుని, రిపోర్టుతో పోల్చండి. ఒక్కో చోటికి ఒక్కో కార్డు ఇవ్వండి. నలుగురికీ ఒకే ఓటీపీ, ఒకే కార్డు తిరిగితే టైము తెలిసినా మనిషి తెలియడు. డ్రైవర్‌కి కార్డు ఇవ్వకండి, లాక్ ఉందని మాత్రం ముందే చెప్పండి. ఆయనకీ అది రక్షణే.

రోప్ ఎక్కడ వేస్తారన్నది ఇంకా ముఖ్యం. మామూలు సీల్ వేసే హ్యాండిల్ కన్నంలోంచే వేస్తే పైన చెప్పిన రివెట్ దొంగ ఈ లాక్‌ని కూడా పక్కకి తిప్పి పని చేసుకుపోతాడు, లాక్ పొద్దున్నదాకా ‘అంతా క్షేమం’ అంటూనే ఉంటుంది. కుడి తలుపు కడ్డీ, ఎడమ తలుపు కడ్డీ, మధ్యలో పక్కపక్కన ఉండే ఆ రెండు నిలువు కడ్డీలనీ కలిపి చుట్టండి. రోప్ వదులుగా వేలాడకూడదు.

రాత్రి అలర్ట్ ఎవరి ఫోన్‌కి వస్తుందో తేల్చుకోండి. మా దగ్గర మొదట మేనేజరు నంబరు ఇచ్చాం. ఆయన పదింటికి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకునే మనిషి. ఇప్పుడు నైట్ షిఫ్ట్ సెక్యూరిటీకీ, నాకూ వస్తుంది. చార్జింగ్ కూడా ఎవరో ఒకరి పని కావాలి, లేకపోతే సగం దారిలో లాక్ చచ్చిపోయి, తెరవడానికి కట్టర్ వెతుక్కోవాలి.

ఖర్చు విషయం మీ బండ్ల మీద ఆధారపడి ఉంటుంది. అవే బండ్లు తిరిగి మీ దగ్గరికే వస్తాయంటే కొనుక్కోండి. ప్రతిసారీ కొత్త ట్రాన్స్‌పోర్టు బండి అయితే లాక్‌ని వెనక్కి తెప్పించుకోవడమే పెద్ద తలనొప్పి, ట్రిప్పుకింతని అద్దెకిచ్చేవాళ్లని చూసుకోండి. తేల్చుకోలేకపోతే రెండు బండ్లకి ఒక నెల పెట్టి చూడండి.

దానికన్నా ముందు ఒక వారం లోడింగ్ దగ్గర మీరే నిలబడి లెక్కపెట్టండి. బాబాయ్ సంగతి జరిగిన కొన్ని నెలలకి ఇంకో ట్రిప్పులో నాలుగు కార్టన్లు తక్కువొచ్చాయి. ఈసారి అయిదున్నర గంటలు కలిపి చూశాను, కార్డు నంబర్లు చూశాను, టెంపరేచర్ గీత చూశాను. దారంతా తలుపు తెరిచిన జాడే లేదు. చివరికి లోడింగ్‌లో లెక్క రాసే మా టాలీ షీట్ తీస్తే, వెనక వరుసలు పదకొండు ఎత్తు పేర్చి, పన్నెండని రాశాడు మా కుర్రాడు. తక్కువొచ్చిన నాలుగూ మా ఫ్రీజర్‌లోనే ఒక మూల ఉన్నాయి.