‘కాపాడతాయి’ అని ఊరుకుంటే ఎలా?

శ్రావణికి ఆశీస్సులు.

పట్టుపురుగు మీద నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేరాలో ‘వేడి నుంచి పురుగును హెచ్‌ఎస్‌పీలు కాపాడతాయి’ (హీట్ షాక్ ప్రోటీన్లు, అంటే వేడి దెబ్బకు కణంలో పెరిగే ప్రోటీన్లు) అనేసి ముందుకెళ్ళిపోయావే, అక్కడ ఒళ్ళు మండింది. ఎలాగో చెప్పకపోతే తాయెత్తు ప్రకటనకూ దీనికీ తేడా ఏముందమ్మా?

షెడ్డులో వేడి పెరిగితే కణంలోని ప్రోటీన్ల మడతలు విడిపోతాయి. లోపల దాగి ఉండాల్సిన, నీటికి పడని భాగాలు బయటపడి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. అసలు ప్రమాదం అదీ. చిన్న హెచ్‌ఎస్‌పీలు, కణానికి ఇంధనం లాంటి ఏటీపీ ఖర్చు లేకుండానే వాటిని ముద్దకట్టకుండా ఆపుతాయి. హెచ్‌ఎస్‌పీ 70 మాత్రం ఏటీపీ ఖర్చుపెట్టి, హెచ్‌ఎస్‌పీ 40 సాయంతో, పట్టుకుంటూ వదులుతూ మళ్ళీ మడతపడనిస్తుంది. మామూలప్పుడు, హెచ్‌ఎస్‌పీ జన్యువులను మేల్కొలిపే హెచ్‌ఎస్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అదుపులో ఉంచేవీ హెచ్‌ఎస్‌పీలే. చెడిన ప్రోటీన్ల పని మీదపడగానే దాన్ని వదిలేస్తాయి. అది మూడేసిగా జతకట్టి డీఎన్‌ఏను అంటుకుని కొత్త హెచ్‌ఎస్‌పీలు తయారు చేయిస్తుంది. కథంతా ఈ మలుపులో ఉంది, నీ వ్యాసంలో లేనిదీ ఇదే.

ఖర్చు సంగతీ ఎత్తలేదు. హెచ్‌ఎస్‌పీల తయారీ జోరందుకుంటే మిగతా ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. గూడు కట్టే ముందు చివరిదైన ఐదో దశలో పట్టుగ్రంథి, పట్టుదారపు ప్రోటీన్ అయిన ఫైబ్రాయిన్ తయారీలో తలమునకలై ఉంటుంది, అప్పుడు 24, 25 డిగ్రీలు కావాలి. 35 దాటితే బతికిన పురుగు కూడా ఆకు సరిగా తినదు, గూడు పలచబడుతుంది. చాకీ పురుగులకేమో, అంటే తొలి రెండు దశల పిల్ల పురుగులకు, 27, 28 డిగ్రీలు హాయి. ఏడాదికి చాలా తరాలు వచ్చే మల్టీవోల్టిన్ జాతి తట్టుకునే వేడికి, రెండు తరాలే వచ్చే బైవోల్టిన్ తాళలేదు. నువ్వు అన్నిటినీ ఒకే గాటన కట్టేశావు. హిందూపురం రైతుకు ఈ తేడా నువ్వు చెప్పక్కర్లేదు, పాఠకుడికి చెప్పాలి.

సంపాదకులు ‘అద్భుత ప్రోటీన్’ అని శీర్షిక పెట్టమంటారు. పెట్టకు. వాళ్ళ అంచనాల సంగతి తెలిసిందే: డ్రోసోఫిలా ఈగ క్రోమోజోముల మీద వేడికి లేచిన ఉబ్బుల గురించి ఇటలీ శాస్త్రవేత్త రిటొస్సా రాసి పంపితే, పేరున్న పత్రిక ప్రాముఖ్యం లేదని తిప్పికొట్టింది. 1962లో అది మరోచోట అచ్చయింది. ఇవాళ నువ్వు రాస్తున్న శాస్త్రమంతా అక్కడే మొదలు.

తిరగరాసేటప్పుడు ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు, ఏ జాతి, ఎన్నో దశ, ఈ నాలుగూ లేకుండా ‘హెచ్‌ఎస్‌పీ 70 పెరిగింది’ అని రాయకు. ముందు ఓ మోస్తరు వేడి తగిలిన పురుగు ఆ తర్వాతి తీవ్రమైన వేడిని మెరుగ్గా తట్టుకుంటుందనీ, ఆ బలం కొద్దికాలమే నిలుస్తుందనీ చేర్చు. చలికీ పురుగుమందులకూ కూడా ఇవే ప్రోటీన్లు కదులుతాయి, దానికి రెండు వాక్యాలు చాలు. పారితోషికం గురించి అడిగావు, అది మరో ఉత్తరంలో.